బయటి నుంచి గొళ్ళెం

సుంకమ్మా,

నువ్వు కన్నుమూసి నేటికి ఏడాది. ఈ పొద్దున నీ కొడుకులిద్దరూ నన్ను ఇంట్లో పెట్టి బయట గొళ్ళెం వేశారు.

ఆదోనిలో మిల్లు పనికి బస్సు వేళైందని చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే తలుపు ధడాలున పడింది. కిటికీలోంచి చూస్తే పెద్దోడు బోర్లించిన బకెట్టు మీద నిలబడి నవ్వుతున్నాడు. తిట్టాను, బతిమాలాను, ఐసు కొనిస్తానన్నాను.

"ఈ పొద్దు నువ్వు యాడికీ పోవద్దు నాయనా" అన్నాడు.

నాకు ఆకలేస్తుందని చిన్నోడు తన గిన్నెలోని బొరుగుల ఉగ్గాని కిటికీ చువ్వల మధ్య నుంచి గుప్పెళ్ళతో అందించాడు. సగం చొక్కా మీదే పడింది. నువ్వైతే కడుపు పట్టుకుని నవ్వేదానివి. నేను చువ్వలు పట్టుకుని నిలబడ్డాను. పనికి పోతే వీళ్ళను చూసే దిక్కు లేదు, పోకుంటే పొయ్యి వెలగదు. గొళ్ళెం పడకముందు కూడా నేను ఇలాగే ఉన్నాను.

చివరికి పక్కింటి ఈరమ్మక్క వచ్చి తీసింది. "ఏందిరా, మీ నాయన్ని ఎనుమును కట్టేసినట్ల కట్టేసినారే!" అని నవ్వింది.

చిన్నోడు నా కాళ్ళకు చుట్టుకున్నాడు.

"అమ్మ ఆస్పత్రికి పోయే పొద్దు నువ్వెందుకు గొళ్ళెం పెట్టలేదు నాయనా?"

రోడ్డు మీద ఆదోని బస్సు హారను వినబడింది. చెప్పులు విడిచేసి వాడి పక్కన కూర్చున్నాను.