తప్పు సాఫ్ట్‌వేర్‌దని ఇక అనను

సోమవారం, కాఫీకి ముందు

నిర్ణయం తీసుకున్నాను! "తప్పు సాఫ్ట్‌వేర్‌ది" అన్న మాట ఇక నా నోట రాదు. ఆఫీసులో రాదు, ఇంట్లో అసలే రాదు. ఎందుకంటే మా గేర్‌బాక్స్‌కి సాఫ్ట్‌వేర్ రాసేది మా ఆవిడే.

మా కంపెనీ కరెంటు కారుకి రెండు గేర్లు. గేరు మారాలంటే నూనె ఒత్తిడితో క్లచ్ పట్టుకోవాలి. ఆ నూనె దారులు, వాల్వులు గీసేది నేను. ఏ వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పేది ఆవిడ. కారు కుదిపిందంటే తప్పు ఇద్దరిలో ఒకరిది. ఆ ఒకరు ఎవరన్న అనుమానం నాకు ఏనాడూ కలగలేదు.

శుక్రవారం మేనేజర్ స్వయంగా నడిపి చూస్తాడు. కుదిపితే ఒక్క గేరు చాలంటాడు. నా వాల్వులూ నా మూడేళ్ళ చాకిరీ మట్టిగొట్టుకుపోతాయి. అందుకే ఈ వారం ఇంట్లో శాంతి అవసరం.

సోమవారం, సాయంత్రం

ఒక్కసారి కూడా అనలేదు. ఇంత తేలికా!

మంగళవారం

చిన్న కుదుపు. నేనేమీ అనలేదు. నిట్టూర్చానంతే. నిట్టూర్పు మాట కిందికి రాదు.

చల్లటి నూనెతో పరీక్షించావా అని అడిగింది ఆవిడ. పెట్రోలు కార్ల గేర్‌బాక్సులతో తల నెరిసినవాణ్ణి, నన్నా అడగడం! నూనె దానంతటదే వేడెక్కుతుంది, ఎవరూ పొయ్యి మీద పెట్టనక్కర్లేదని మర్యాదగా చెప్పాను. ఆవిడకి మర్యాదగా వినిపించలేదట.

బుధవారం

భోజనాల దగ్గర ఆవిడతో "మీ వాళ్ళకి ఎప్పుడేం చెయ్యాలో తెలీదు" అన్నాను. సాఫ్ట్‌వేర్ అనలేదు, గమనించాలి. పక్కనున్న అత్తగారు తమ ఇంటివాళ్ళని అన్నాననుకుని అలిగి లేచిపోయారు. నిర్ణయం మాత్రం చెక్కుచెదరలేదు.

గురువారం, మధ్యాహ్నం

భోజనం చేసొచ్చి, పొద్దుటినుంచీ తిరిగిన కారు ఎక్కాను. నేనెప్పుడూ ఈ వేళకే పరీక్షిస్తాను. గేరు మారిందో లేదో కూడా తెలియలేదు. ఎవరండీ ఈ వాల్వులు గీసిన మొనగాడు!

శుక్రవారం, పొద్దున్నే

మేనేజర్ చెప్పిన వేళకంటే ముందే దిగాడు. కారు రాత్రంతా ఆరుబయట మంచులో ఉంది. గేరు మారింది. మేనేజర్ కళ్ళజోడు మూతి మీదికి జారింది.

"సాఫ్ట్‌వేర్ తప్పండీ" అన్నాను. వెనక సీట్లో ఆవిడ ఉంది.

శుక్రవారం, కారు పక్కన

నూనె గొట్టం పట్టుకు చూశాను. మంచుగడ్డలా ఉంది. పెట్రోలు కారులో ఇంజను పక్కనే ఉండి నూనెని కాస్తుంది. ఇక్కడ ఇంజనే లేదు! చిక్కబడ్డ నూనె నా సన్న దారుల్లో నత్తలా పాకింది. ఆవిడకి నేనిచ్చినవన్నీ వేడి నూనె లెక్కలే. తప్పు నాది.

శుక్రవారం, సాయంత్రం

ఒప్పేసుకుందామని మేనేజర్ గదికి వెళ్ళాను. నన్ను నోరు విప్పనివ్వకుండా భుజం తట్టాడు. చల్లటి నూనె సంగతి తాను మరిచిపోయానని మా ఆవిడ అప్పటికే ఒప్పుకుందట. సాఫ్ట్‌వేరే కాబట్టి ఇంకో పదిహేను రోజులిచ్చాడు. వాల్వుల తప్పయితే ఇవాళే ఆపేసేవాడట.

అలా ఎందుకు చెప్పావని ఇంటికొచ్చి అడిగాను.

"మూడేళ్ళుగా నువ్వు చెప్తున్నదేగా. ఒక్కసారైనా పనికొచ్చింది" అంది. తర్వాత చల్లటి నూనె లెక్కలు అడిగింది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ ముందే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

శనివారం

నిర్ణయం మళ్ళీ మొదలు. ఈసారి కారు చల్లగా ఉండగానే కొలతలు తీసుకున్నాను.

మేనేజర్ అటుగా వచ్చాడు. "పాపం, సాఫ్ట్‌వేర్ వాళ్ళతో వేగడం కష్టమే కదూ?" అన్నాడు.

కాదండీ, తప్పు నాదే అనబోయాను. అద్దం గోడ అవతల ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"అవునండీ, తప్పు సాఫ్ట్‌వేర్‌దే" అన్నాను.

ఈ రోజు లెక్కలోకి రాదు. నిర్ణయం రేపటి నుంచి.