బల్ల మీద చేతులు

ధవళేశ్వరం,
12-8-86.

అమ్మకు పెద్దిరాజు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. బెజవాడలో నీ కంటి కట్టు విప్పారని తెలిసి నీ కోడలు మీనాకుమారీ నేనూ ఊపిరి పీల్చుకున్నాం. చుక్కల మందు సీసాకి సీలు ఉందో లేదో చూసి మరీ వేయించుకో. ఇది నీకు చదివి వినిపించేది సత్యకుమారక్క గనక ముందే చెబుతున్నాను. అక్కా, మధ్యలో వాక్యాలు మింగెయ్యకు. నీకా అలవాటుందని నాకెప్పటినుంచో అనుమానం.

నువ్వడిగినవి ఒక్కొక్కటే చెబుతాను. హైదరాబాదులో టీవీ వాళ్లు భోజనం బాగానే పెట్టారు. మొహానికి పౌడరు రాశారు, ఎందుకో చెప్పలేదు. ఆటంటే నువ్వనుకున్నట్టు పాఠం అప్పజెప్పడం కాదు. కొన్ని అక్షరాలిచ్చి, వాటితో వీలైనంత పెద్ద మాట కట్టమంటారు. తరవాత ఆరు అంకెలిచ్చి, కూడో, తీసేసో, హెచ్చవేసో వాళ్లు చెప్పిన సంఖ్య రాబట్టమంటారు. కాగితం, పెన్సిలు ఇవ్వరు.

నాకు పోటీ ఎవరని రాయించావు. నరసాపురం ఆవిడ, అచ్చాయమ్మగారు. అయిదో క్లాసుతో చదువు ఆపేసిందట. మాటల్లో నాదే పైచేయి. అంకెల దగ్గరకొచ్చేసరికి నేను సగంలో ఉండగానే ఆవిడ జవాబు చెప్పేసేది. ఇరిగేషన్ ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా కొలతల పుస్తకాలు సరిచూస్తున్నవాణ్ణి, నాకంటే ముందా! చూద్దును కదా, ఆవిడ కుడిచెయ్యి పైటకొంగు కింద కదులుతోంది. చీటీలేమో అనుకున్నాను. జనంలో కూర్చున్న వాళ్లాడపడుచు తల ఊపుతోంది. సైగలనుకున్నాను. లేచి నిలబడి, "ఆవిడ చెయ్యి ఒకసారి చూడండి" అన్నాను.

కెమెరాలు ఆపేశారు. ఆడపడుచుని బయట కూర్చోబెట్టారు. అచ్చాయమ్మగారు అందరి ముందూ కొంగు తీసి చెయ్యి చాపింది. చీటీ లేదు, ఏమీ లేదు. "లెక్కెట్టుకుంటున్నానండి, అంతేనండి" అంది. ఆట నడిపేవాడు, "గొడవెందుకమ్మా, ఇకనుంచి రెండు చేతులూ బల్ల మీద ఉంచండి" అన్నాడు. అక్కణ్ణించి ఆవిడ ఒక్క సంఖ్యా చెప్పలేకపోయింది. నేను గెలిచాను. మిక్సీ ఇచ్చారు. టీవీలో వచ్చాక పదిమంది ముందు విప్పాలని మీనాకుమారి ఇంకా అట్టపెట్టె ముట్టుకోలేదు.

ఇంతవరకూ ఆఫీసులో అందరికీ చెప్పిందే. చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను. ఆవిడ చెయ్యి చాపినప్పుడు బొటనవేలు ఇంకా చూపుడువేలి కణుపు మీదే ఉందమ్మా. నాన్న పోయాక నువ్వు లేసు అల్లి మమ్మల్ని చదివించినన్నాళ్లూ, కొత్త డిజైను మొదలెట్టే ముందు అలాగే కణుపుల మీద కుట్లు లెక్కేసుకునేదానివి. మధ్యలో చెయ్యి పట్టుకుంటే లెక్కంతా పోయేది. దానికి నేనెన్ని తిట్లు తిన్నానో! చేతులు కదలనివ్వకపోతే ఆవిడ ఓడిపోతుందని నాకు తెలుసు. నోరు తెరిచి ఒక్క మాట చెబితే సరిపోయేది. గెలవాలనిపించి ఊరుకున్నాను. సిగ్గుగా ఉందమ్మా.

మొన్న ఆదివారం నరసాపురం వెళ్లాను. అచ్చాయమ్మగారు అరుగు మీద లేసు అల్లుకుంటోంది. నన్ను చూసి కుర్చీ వేయించి, మంచినీళ్లిచ్చింది.

"మా అమ్మ కూడా అల్లేదండి. మీ వేళ్లు చూడగానే పోల్చుకున్నానండి" అన్నాను.

ఆవిడ చేతిలో సూది ఆగింది. "అయితే తెలిసే ఊరుకున్నారాండి?"

"అవునండి."

ఆవిడకి లెక్క తప్పినట్టుంది, అల్లినంత మేరా విప్పేసి మళ్లీ మొదటినుంచి మొదలెట్టింది. నేను లేచి వచ్చేశాను.

వచ్చే శనివారం ఆ ఆట టీవీలో వేస్తారు. బల్ల మీద ఆ చేతులు చూడగానే నీకు సంగతి తెలిసిపోతుంది. దొరికిపోతానని భయపడి ముందే చెబుతున్నాననుకుంటావేమో, అదీ నిజమే. గెలుపు ఆవిడదని, మిక్సీ తిరిగి పంపుతున్నానని, ఆ మాట అందరికీ చెప్పాకే ఆట చూపించమని టీవీ వాళ్లకి ఉత్తరం రాశాను. రెండు రోజులుగా జేబులోనే తిరుగుతోంది. నా నీడనే నేను నమ్మనని దెప్పుతావు కదా, ఈసారి నన్నే నమ్మలేకపోతున్నాను. తెల్లారితే దాన్ని చింపేస్తానేమో. అందుకే రెండు ఉత్తరాలూ కలిపి ఇప్పుడే పోస్టు డబ్బాలో వేసి వస్తాను. నీ దాకా చేరాక ఇక బొంకలేను.

ఇట్లు,
నీ చేతి లెక్క తెలిసిన నీ కొడుకు,
పెద్దిరాజు