కార్తీకం దాటేదాకా రేడియో వినను

1968, కార్తీక శుద్ధ పాడ్యమి, మంగళవారం
రామమందిరంలో ఇవాళ పురాణం గొంతు చిరిగేలా చెప్పాను. చంద్రుడి దగ్గరికి మనుషులు పోతారని ట్రాన్సిస్టరులో చెప్పారట — వారం నుంచి మా జాలరిపేటంతా ఇదే ముచ్చట. పౌర్ణమికి దణ్ణం పెట్టే చేతులు ఆ పెట్టె మీట తిప్పుతాయా? గ్రంథం ఎత్తి పట్టుకుని అడిగాను. ఆడవాళ్ళు లెంపలు వేసుకున్నారు.
పేట మొత్తానికి ఆ పెట్టె ఉన్నది నూకరాజు ఇంట్లోనే. లేచి నిలబడ్డాడు.
"గాలి కబురు కోసం కొన్నాను, దాసుబాబూ. ఏటకెల్లీవోడికి అదే దిక్కు."
"మీ తాత ఈ పెట్టి ఇనే తెప్ప తోసేడేటిరా?"
అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. కర్పూరం వెలిగించాను. మంట మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు — కార్తీకం దాటేదాకా రేడియో వినను. మిగతా మగాళ్ళూ వేశారు.

పంచమి
నూకరాజు తెచ్చి అప్పగించాడు, కార్తీకం దాటేదాకా పెట్టె నా దగ్గరే. పంచెలో చుట్టి, గ్రంథాల కింద పెట్టాను. పైన భగవంతుడి మాట, కింద అది. బాగుంది.

త్రయోదశి, ఆదివారం. అరసవల్లి
గుడి దగ్గర టీ హోటలు. రేడియో మోగుతోంది. లేచి పోవలసింది... టీ వేడిగా ఉంది. సముద్రంలో వాయుగుండం — రేపటి నుంచి జాలర్లు వేటకు పోరాదు. చెవిన పడింది. ఒక్క మాట పోకుండా పడింది.
బస్సు ఉంది. ఎక్కితే పొద్దుండగానే పేటలో దిగుతాను. దిగి ఏమని చెప్పను? ఎవరు చెప్పారంటే? నూకరాజు పళ్ళికిలించడూ?... ఇక్కడ పురాణం చెప్తానని మాట కూడా ఇచ్చాను. అదీ నిజమే.
బస్సు వెళ్ళిపోయింది.

సోమవారం
పురాణం బాగా నడిచిందన్నారు. మధ్యాహ్నం నుంచి గాలి. బస్సులు ఆపేశారు.

పౌర్ణమి
నడిచి వచ్చాను. నిన్న తెల్లారి మూడు తెప్పలు వెళ్ళాయట. రెండు తిరిగొచ్చాయి.
నూకరాజు రాలేదు.

బహుళ పాడ్యమి
నూకరాజు పెళ్ళాం పోలమ్మ వచ్చింది. తడి చీర. ఏడవడం లేదు.
"ఒట్టేసింది ఆడు, నాను కాదు. ఆ పెట్టి ఇచ్చీ బాబూ. ఒడ్డుకి మనుసులు సేరితే రేడియోలో సెప్తారంట."
తీసి ఇచ్చాను.
"ఆడు ఒట్టు తప్పనేదు. పక్క పేటోడు, రేడియోలో ఏటో సెప్పేర్రా అని కేకేస్తే... సెవులు మూసీసుకున్నాడు."
పెట్టెకు చుట్టిన పంచె తల దించుకుని మడత పెట్టాను.
"అలగైపోకు బాబూ. నీకేటి తెలుస్తాది, నువ్వు రేడియో ఇనవు కదా."
నన్ను ఓదార్చి వెళ్ళింది! మైకు లేకుండా వీధి చివరిదాకా వినిపించే ఈ నోరు — పెగల్లేదు.

విదియ
గ్రంథం తెరవలేదు. అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్న నాటి నుంచి ఇదే మొదటిసారి.
తెప్ప దుంగ ఒకటి కొట్టుకొచ్చింది. ఎవరిదో పోల్చలేమన్నారు.

తదియ, శుక్రవారం
చెప్పేద్దామని వెళ్ళాను. పోలమ్మ రేడియో ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.
"రా బాబూ, కూకో."
వార్తలు. ఢిల్లీ సంగతులు, బియ్యం సంగతులు. ఒడ్డుకు చేరిన మనుషుల మాట లేదు. ఆఖర్న వాతావరణం — గాలి తగ్గింది, అయినా జాలర్లు ఇంకో రెండు రోజులు వేటకు పోరాదు.
"ఇంత ఇవరంగా సెప్తారేటి!" అంది.
"ఆదివారం ఇంకా ఇవరంగా సెప్పేరు."
అనేశాను. దోవ పొడుగునా కూర్చుకున్న మాటలు వేరు, వచ్చింది ఇది.
రేడియో ఆపింది.
"ఏ ఆదివారం?"
అప్పుడే వాకిట్లోకి నలుగురు వచ్చారు — నూకరాజు క్షేమం కోసం పురాణం పెట్టాలట, ఎప్పుడు చెప్తావని. ఇంట్లో పనుందని లేచి వచ్చేశాను. ఏం పని? ఈ కాగితం.
పోలమ్మ వెనకే వచ్చి తలుపు కొడుతోంది. అరవడం లేదు, మెల్లగానే అడుగుతోంది.
"దాసుబాబూ... ఏ ఆదివారం?"