ట్రిగ్గర్ బరువుగా ఉందని చెప్పాను

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీ ఫోటోకు పూలు పెట్టి, చింతామణిలో బస్సెక్కి బాగేపల్లికి, నీ దగ్గర పని నేర్చుకున్న రమణ ఇంటికి పోయాను. బస్సులో అందరూ చిక్కబళ్ళాపుర కొత్త జిల్లా గురించే మాట్లాడుతున్నారు.

పోటీల్లో వాడే పాత ఎయిర్ రైఫిళ్లను నువ్వు ఎక్కడెక్కడి నుంచో తెచ్చి బాగుచేసేటప్పుడు నేనూ, రమణా నీ పక్కనే కూర్చునేవాళ్లం. అయినా నీకు అన్నిటికన్నా ఇష్టమైన జర్మనీ రైఫిల్‌ను సొంత తమ్ముడినైన నాకివ్వకుండా అతనికిచ్చావు. అది తుప్పు పట్టి ఉంటే చూడాలనే వెళ్లాను.

తుప్పు లేదు. గాలి పోతున్న పాత సీలు తీసి కొత్తది వేశాడు. చెక్కకు అవిసె నూనె ఎంత ఓపికగా పట్టించాడో చూసి లోపల మండింది.

"ట్రిగ్గర్ మాత్రం ముట్టలేదప్పా. అన్న పెట్టింది పెట్టినట్లే ఉండాది," అన్నాడు.

పెరట్లో గురికి అట్ట పెట్టి నన్ను కాల్చమన్నాడు. ఐదు గుండ్లూ ఒకే రంధ్రంలో పడ్డాయి.

"ఎట్లుండాది?"

"ట్రిగ్గర్ కొంచెం బరువుగా ఉండాది," అని అబద్ధం చెప్పాను.

"సొంత తమ్మునివి, నీకు తెలీకుంటాదా," అని స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాడు. నేను ఆపలేదు. స్క్రూ కొంచెం కొంచెం తిప్పుతూ కాల్చి చూశాడు. చేతికి కుదరక గుండ్లు చెదిరిపోయాయి.

"ముందు యాడుండెనో గుర్తు లేదప్పా," అన్నాడు.

పక్కనే కూర్చుని నేను చూస్తూనే ఉన్నాను. ముప్పావు చుట్టు వెనక్కి తిప్పితే చాలు. ఆ మాట చెప్పకుండానే బస్సెక్కాను.