బీరువా మోస్తుండగా కొట్టివేసిన దావా

గౌరవనీయులైన సివిల్ న్యాయాధికారి గారి సముఖమునకు, దర్జీ పని చేసుకుని బతుకుతున్న వాది వ్రాసుకున్న అర్జీ.

విషయం: ఉభయ పక్షములు గైరుహాజరను కారణముతో కొట్టివేసిన మా నడవ దావాను తిరిగి విచారణకు స్వీకరించుట గురించి.

అయ్యా,

1. నా దుకాణం వెనక గదిలో మా అక్క కాజాలు కుడుతుంది. ఆమెకు కాళ్ళు పనిచేయవు. చక్రాల కుర్చీ. ఆ గది నుంచి వీధిలోకి ఉమ్మడి నడవ ఒక్కటే దారి. తొమ్మిదేళ్ళ కిందట పక్కింటి పిండిమర యజమాని, అనగా ప్రతివాది, ఆ నడవలోకి జరిపి గోడ కట్టాడు. మిగిలింది ఇరవై రెండు అంగుళాలు. కుర్చీకి ఇరవై ఆరు కావాలి. ఆ నాలుగు అంగుళాల కోసం నేను తమ కోర్టు మెట్లెక్కాను. అప్పటి నుంచి అక్క వీధి చూడాలంటే నేను వీపున మోయాలి. ఆమెకు అరవై, నాకు యాభై రెండు. ఇంకెన్నాళ్ళు మోయగలనో తమరే లెక్క వేసుకోగలరు.

2. ఇంతవరకు నలభై ఒక్క వాయిదాలు. అందులో న్యాయాధికారి సెలవు పదకొండు, బదిలీ అయి కుర్చీ ఖాళీ ఏడు, టైపిస్టు లేక ఆగినవి ఆరు. ఆ ఇరవై నాలుగు రోజులూ వాది హాజరు, ప్రతివాది హాజరు, కోర్టు గైరుహాజరు. ఆ నేరానికి మేము కోర్టును కొట్టివేయలేదని మనవి.

3. దావా కొట్టివేసిన దినమున తమ కోర్టు పై అంతస్తు నుంచి కిందికి మారుచుండెను. బంట్రోతు వరండాలోకి వచ్చి, "ఖాళీగానే కూచున్నారుగా, ఓ చెయ్యి వెయ్యండి బాబూ. అందులో ఉన్నవి మీ కాగితాలే కదా" అన్నాడు. అది ఇనప బీరువా. నేను పైవైపు, ప్రతివాది కిందివైపు పట్టుకున్నాం. దారి చూపిస్తానని బంట్రోతు ముందే దిగిపోయాడు. మెట్ల మలుపులో బీరువా ఇరుక్కుంది, దానికీ గోడకూ మధ్య ప్రతివాది ఇరుక్కున్నాడు. నేను చెయ్యి వదిలితే అతను నలిగిపోతాడు. అలా జరిగితే నా దావా తేలికవుతుందన్న ఆలోచన రాలేదని మాత్రం ప్రమాణం చేసి చెప్పలేను.

4. సరిగ్గా అప్పుడు ఆ బంట్రోతే కింద కొత్త హాలు గుమ్మంలో నిలబడి మా పేర్లు పిలిచాడు. "ఉన్నామయ్యా, మెట్ల మీదున్నాం" అని నేను అరిచాను. "కేకలెయ్యకండి, లోపల కోర్టు నడుస్తోంది" అని మమ్మల్ని మందలించి, మిగిలిన రెండు పిలుపులూ పూర్తిచేశాడు. మా వకీళ్ళిద్దరూ ఆ సమయాన పక్క కోర్టులో వేరే ఇద్దరి తరఫున పోట్లాడుకుంటున్నారు. తొమ్మిదేళ్ళ దావా మూడు పిలుపుల్లో పోయింది.

5. మోసేటప్పుడు మేము కోర్టులో ఉన్నవాళ్ళం, పిలిచేటప్పుడు లేనివాళ్ళం. చాకిరీకి లెక్కలోకి వచ్చే మనిషి న్యాయానికి ఎందుకు రాడు? ఇది అర్జీలో అడిగే ప్రశ్న కాదని మా వకీలు కొట్టేశాడు. నేను మళ్ళీ రాశాను.

6. ఇరుక్కుని ఉండగా జరిగిన సంభాషణ కూడా తమ దృష్టికి తేవడమైనది.

"ఏం టైలరూ, ఊపిరాడట్లేదు. ఈ మలుపు ఇంత ఇరుగ్గా ఎవడు కట్టాడు?"

"ఎవడో నీలాంటివాడే."

బీరువా గోడల మధ్య బిగుసుకుపోయాక మేం చేతులు వదిలాం, ప్రతివాది పక్కకు ఒరిగి బయటపడ్డాడు. నా మెడలో టేపు ఉంటే తీసి, తాను ఇరుక్కున్న చోటు తానే కొలిచాడు. ఇరవై మూడు. మా నడవ కంటే ఒక అంగుళం ఎక్కువే. చొక్కా దులుపుకుంటూ, "గోడ తీసెయ్యడం నాకో లెక్క కాదు. నువ్వడిగావని తీస్తే మా తమ్ముళ్ళ ముందు తలెత్తుకోలేను. జడ్జిగారు తియ్యమంటే అది వేరు సంగతి" అన్నాడు.

తీరా హాల్లోకి వెళ్ళేసరికి, తియ్యమని చెప్పడానికి దావాయే లేదు.

కావున, కొట్టివేసిన దావాను మళ్ళీ ఫైలు మీదికి తీసుకుని, ప్రతివాదిని వీలైనంత త్వరగా ఓడించవలసిందిగా వాది, ప్రతివాది కలిసి కోరుకొనుచున్నారు. తమరు ఈ మనవిని చిత్తగించవలెను. పిలిపించే ముందు మెట్ల వైపు కూడా ఒకసారి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దర్జీ (ఇంకా వాదినే అనుకుంటున్నవాడు)

పైన రాసినది చదివించుకుని విన్నాను. మెట్ల సంగతి నిజం. మిగతాది ఒప్పుకున్నట్టు కాదు.
పిండిమర యజమాని, ప్రతివాది

తా.క.: బీరువా ఇంకా మలుపులోనే ఉంది. మా ఫైలు అందులోనే ఉంది. తీయడానికి మేమిద్దరం వస్తాం, ఆ పూట మాత్రం మా కేసు పిలిపించకండి. ఈ అర్జీ చదివి వినిపిస్తే అక్క కాజా కుడుతూనే అంది: "కోర్టు కిందికి దిగిందా తమ్ముడూ? అయితే ఈసారి నేనే వస్తాను. ఒక్క పిలుపుకే పలుకుతాను. నన్ను వీధి దాకా రానివ్వమను, చాలు."