జీవితాంతం అంటే ఎన్ని రోజులు?

వరంగల్,
తేది: 11-8-1986.

మిల్లు కార్మికుల దవాఖాన వైద్యాధికారి గారి సముఖమునకు, స్పిన్నింగు ఖాతాలో పని చేయు కార్మికుడు చింతల సాంబయ్య వ్రాసుకొను మూడవ అర్జీ. మొదటి రెండింటికి జవాబు లేదు.

అయ్యా,

విషయం: నా ఒంట్లో ఉన్న మా అక్క కిడ్నీని కాపాడు గోలీలు ఆపకుండా ఇప్పించుట గురించి.

1. నాకు రెండు కిడ్నీలు చెడిపోగా, నాలుగేండ్ల క్రితం తొర్రూరులో కూలి చేసుకొను మా అక్క యాకమ్మ తన కిడ్నీ ఒకటి ఇచ్చినది. హైదరాబాదులో ఆపరేషను జరిగినది.

2. మనిషి రక్తంలో కాపలా కాసే తెల్ల కణములు ఉంటాయట. బయటి నుంచి ఏది వచ్చినా దాని మీద పడుట వాటి డ్యూటీ. సొంత అక్కదైనా వాటికి పరాయిదే. వాటిని అణచి ఉంచుటకు నేను బతికినన్నాళ్లు గోలీలు మింగవలెనని అక్కడి డాక్టరు గారు చీటీ వ్రాసినారు.

3. ఆ గోలీలు తమ దవాఖాన స్టోరులోనే ఇస్తారు. ఈ ఏడు వాటికి కొత్త ఫారం వచ్చినది. అందులో "ఎన్ని రోజులు" అను గడిలో డాక్టరు గారు "జీవితాంతం" అని వ్రాసినారు. తమ స్టోరు గుమాస్తా కిషన్ రావు గారు, "గిది నడవదు. జీవితాంతం అంటే ఎన్ని దినాలో అంకెలల్ల రాసుకరా" అన్నారు. నా ఆయుష్షు నేనెంతని వ్రాయను? 9999 అని వ్రాసినాను. గడిలో రెండంకెలే పట్టునని తిప్పి పంపినారు. 99 అని వ్రాసినాను. తొంభై తొమ్మిది రోజులు కాగానే "కోర్సు ఖతం, రోగం తగ్గింది" అని రిజిస్టరులో నా పేరు కొట్టివేసినారు.

4. తగ్గలేదని మొత్తుకుంటే, "మొఖం గింత నిండుగున్నది, నాకన్న నువ్వే మంచిగున్నవ్. నీకేం రోగమే?" అన్నారు. అయ్యా, ఈ మొఖం ఉబ్బినది తిండి వల్ల కాదు, ఆ గోలీల వల్లనే. ఎన్నిసార్లు చెప్పినా ఆయన తలకెక్కలేదు. కడుపు మండి నేను బల్ల గుద్దిన మాట నిజమే. దానికి మెమో అదే రోజు ఇచ్చినారు. గోలీలు మాత్రం రెండు నెలలైనా రాలేదు.

5. ఇందులో మా తప్పు కూడా ఒకటున్నది, దాచను. నా నీరసం చూసి అక్క తొర్రూరు నుంచి వచ్చి రోజూ పొద్దున్నే తిప్పతీగ కషాయం కాచి తాపినది. మా దిక్కు నలతపడిన వారికి అదే ఇస్తారు. "తాగు తమ్మీ, ఒంట్లె సత్తువ పెరుగుతది" అన్నది. ఆ సత్తువ నాకు కాదు, కాపలా కణములకు పోయి ఉండునని డాక్టరు గారు తిట్టినారు. ఈ సంగతి నేను అక్కకు చెప్పలేదు.

6. పోయిన వారం సూదితో కిడ్నీ ముక్క తీసి చూసినారు. కణములు లోపలికి దూరి నిదానంగా పాడు చేస్తున్నవట, మచ్చలు కట్టినవట. చెడినది మళ్లీ బాగుకాదు, మిగిలినది నిలవాలంటే ఒక్క పూట గోలీ తప్పరాదని చెప్పినారు.

కావున ఆ గడిలో డాక్టరు గారు వ్రాసిన మాటనే ఉంచి, గోలీలు ఈ రోజే ఇప్పించవలెనని ప్రార్థన. ఈసారి అయినా తమరు స్వయంగా చదివి చిత్తగించవలెను.

కాళ్లరిగినా ఇంకను తమ విధేయుడనే,
చింతల సాంబయ్య.

తా.క.: ఇది ఫైలులో పెట్టకండి. సూది పరీక్ష సంగతి విన్నప్పటి నుంచి మా అక్క, "ఇంకోటి ఉన్నది గద తమ్మీ, గది గుడ తీస్కో" అంటున్నది. రెండూ ఇస్తే చస్తవే అంటే, "మొదటిది ఇచ్చినప్పుడు గుడ అందరు గట్లనే అన్నరు. సచ్చిన్నా?" అంటున్నది. నిన్న హైదరాబాదు పోవడానికి బట్టలు మూట కట్టినది. నాకు భయమవుతున్నది అయ్యా. గోలీలు తమ ఇష్టం. రెండోది ఇయ్యకూడదని ఒక తెల్ల కాగితం మీద వ్రాసి ఆఫీసు ముద్ర కొట్టి పంపండి. ఆమెకు చదువు రాదు. ముద్ర చూస్తే ఆగుతుంది.