అమ్మ పట్టిన చేప

ఏప్రిల్ 22

లీటియా అట. ఈ ఏడాది పిల్లల్ని మంచు మీద క్యాంప్‌కి తీసుకెళ్ళేది లీటియా. పిల్లలు ఆమెతో బాగా కలిసిపోయారని, నేను రొట్టెలు కాల్చిపెడితే చాలని ప్రిన్సిపాల్ చెప్పింది.

మా బాఫిన్ దీవి పిల్లలకి సీల్ నూనె దీపం వెలిగించడం, మంచు గట్టిదో కాదో పొడిచి చూసుకోవడం ఇన్నేళ్ళూ ఎవరు నేర్పారు? నేను. ఆవిడ పుట్టింది ఇక్కడే అయినా దక్షిణాన ఎక్కడో తెల్లవాళ్ళింట్లో పెరిగి మొన్న చలికాలంలో వచ్చింది. మా భాషే తడబడుతూ మాట్లాడుతుంది.

ఏప్రిల్ 25

నేను దీపం వెలిగిస్తుంటే పిల్లలందరూ కిటికీలోంచి లీటియా స్కిడూ మంచుబండి వైపు చూపులు. ఒళ్ళు మండింది.

బెల్ కొట్టగానే ముందు పరిగెత్తింది ఉలూరియాక్. తమ్ముడి కూతురు, ఏడేళ్ళది. మా అమ్మ పోయిన నెలకే పుట్టిందని అమ్మ పేరే పెట్టాం. మాలో పేరుతో పాటు మనిషీ తిరిగొస్తుంది. అందుకే దాన్ని నేను అమ్మా అంటాను, అది నన్ను బిడ్డా అంటుంది. ఆ అమ్మ ఇవాళ తన ఊగే పన్ను లీటియాకి చూపించింది. నాకు చూపించలేదు.

ఏప్రిల్ 30

రొట్టెలు కాల్చాను. కావాలనే ఉప్పు వెయ్యలేదు.

మే 3

నడుము నొప్పని క్యాంప్‌కి వెళ్ళలేదు. నడుముకేం కాలేదు. కుళ్ళు.

క్యాంప్ నుంచి తమ్ముడు రేడియోలో చెప్పాడు, ఉలూరియాక్ సరస్సు మీద మంచుకి కన్నం పెట్టి తొలి చేప పట్టిందట. తొలిసారి పట్టింది పట్టినవాళ్ళు తినరు, బొడ్డు కోసిన మనిషికి ఇస్తారు. దాని బొడ్డు కోసింది నేనే. పళ్ళెం కడిగి పెట్టుకున్నాను.

మే 4, సాయంత్రం

చేప లీటియాకి ఇచ్చింది.

అందరూ చూస్తుండగానే ఇచ్చిందట. లీటియా ఏడ్చిందట. ఏడవదూ మరి! చిన్నపిల్లతో పంతమేమిటని తమ్ముడు వచ్చి కసిరాడు. వాడి మొహం మీదే తలుపేశాను.

మే 6

పొద్దున్నే అమ్మ వచ్చింది. బూట్లు కూడా విప్పకుండా, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. అమ్మ అలాగే నిలబడేది.

నీ బొడ్డు కోసింది నేను కాదా, ఆ చేప నాది కాదా అని అడిగేశాను. జుట్టు నెరిసినదాన్ని, ఏడేళ్ళ పిల్లని అడిగాను.

"నీదే బిడ్డా. నేనే ఆవిడకిచ్చా," అంది. "ఆవిడ లేనప్పుడు వాళ్ళమ్మ చచ్చిపోయిందంట. ఆ పేరు ఎవరికీ పెట్టలేదంట. ఆవిడకి అమ్మ ఎక్కడా లేదు. నీకు నేనున్నాగా."

నాకు ఏడుపొచ్చింది.

తర్వాత రొట్టెల్లో ఉప్పెందుకు లేదని నిలదీసింది.

మే 9

లీటియా ఇంటికి రొట్టెలు పట్టుకెళ్ళాను. ఉప్పు వేశాను. చేప తోక భాగం నాకోసం దాచిందట, తెచ్చి పెట్టింది. కుళ్ళు పోలేదు, అయినా కూర్చుని తిన్నాను. వాళ్ళమ్మ పేరు అడిగాను. మా అన్న కూతురికి నెలలు నిండుతున్నాయి.

మే 12

అమ్మకి పన్ను ఊడింది. నా చేతిలో పెట్టింది. లీటియాకి చెప్పను.